మారెప్ప చొక్కాకు మల్లె వాసన

గఫూర్ సాబ్ ముక్కు వాసన పట్టడం మానేసి ఏడాది దాటింది. ఇంకొకరిదైతే ఫరవాలేదు గానీ, అది ఆదోని బజారులో అత్తరు అమ్మే మనిషి ముక్కు. సంగతి బయటపడితే అంగడికి తాళమే అని ఆయన భయం. అందుకే భార్య మరియంబీకి కూడా చెప్పలేదు. బుడ్లకు పేర్లు అంటించడం ఆయనకు మొదటినుంచీ నామోషీ. ఏది ఏ అరలో ఏ మూల ఉందో చేతికి తెలుసు కాబట్టి ముక్కుతో పనిలేకుండా వ్యాపారం నెట్టుకొస్తున్నాడు. మూత తీసి, కళ్లు మూసుకుని, గట్టిగా ఊపిరి పీల్చి "వాహ్" అనడం మాత్రం మానలేదు.

ఎనభై నాలుగు శ్రావణంలో ఉరుకుంద ఈరన్న జాతరకు పోయే జనంతో బస్టాండు కిక్కిరిసింది. బేరాలు బాగా వస్తాయని మరియంబీ పొద్దున్నే అరలన్నీ తుడిచి, బుడ్లను ఎత్తు ప్రకారం ముచ్చటగా సర్దింది. పాపం, మంచికే చేసింది. ఆమె లోపలికి పోయాక ఎమ్మిగనూరు నేతగాడు మారెప్ప వచ్చి వట్టివేళ్ల అత్తరు అడిగాడు. సాబ్ చేయి అలవాటుగా మూలకు పోయి, అక్కడున్న బుడ్డి తీసి, మారెప్ప చొక్కాకు ధారాళంగా రాసింది. మారెప్పకేమో ఆరోజు మహా జలుబు. ముక్కు పనిచేయని మనుషులిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని "వాహ్" అనుకున్నారు.

మర్నాడు మారెప్ప భార్య భీమక్క మొగుణ్ణి రెక్క పట్టుకుని అంగడి ముందుకు లాక్కొచ్చింది. చొక్కాకు మల్లె వాసన ఎట్లా వచ్చిందో, ఆదోనిలో ఆ మల్లెలు పెట్టుకున్నదెవరో తేలాలంది. తాను కొన్నది వట్టివేళ్లేనని మారెప్ప ఈరన్న మీద ఒట్టు పెడుతున్నాడు. బజారు బజారంతా పని మాని వచ్చి నిలబడింది.

గఫూర్ సాబ్ తల తిప్పి చూస్తే అరల్లో బుడ్లు చోటు మారిన సంగతి అప్పుడు కనబడింది. నోరు మూసుకుంటే తన అంగడి నిలుస్తుంది, మారెప్ప కాపురం కూలుతుంది. బస్సులో ఎవరి పూలో తగిలి ఉంటాయని అందామా అనుకున్నాడు. మారెప్ప మొహం చూశాక ఆ మాట నోట రాలేదు.

"తప్పు నాదమ్మా. మల్లె రాసింది నేనే. నాకు వాసన తెలీదు. ఏడాదాయ" అన్నాడు.

లోపలినుంచి మరియంబీ వచ్చింది. నమ్మలేక, స్టవ్వు పక్కనుండే సీసా తెచ్చి, ఆయన కళ్లు మూసి, ముక్కు దగ్గర పెట్టింది. అలవాటుకొద్దీ ఊహించి గులాబీ అన్నాడాయన. అది కిరసనాయిలు. ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని ఆయన్ను శేషప్ప డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు సాబ్‌ను వసారాలో అటూ ఇటూ నడిపించాడు. కుడిచేయి ఊగుతోంది, ఎడమచేయి ఒంటికి అంటుకుపోయినట్టుంది. ఇది ముందుముందు చేతులు వణికించే నరాల జబ్బేమో, కొందరికి మొదట వాసనే పోతుందని ఈమధ్యే చదివానన్నాడు.

"ఒక్క చుక్క రక్తంలోనే దీని జాడ పట్టే యంత్రం ఎప్పుడో వస్తుంది సాబ్. అంతదాకా ఇట్లాంటి గుర్తులే దిక్కు. నువ్వు తొందరగా దొరికినావు. మాత్రలుండాయి, చేతులు చానా ఏండ్లు నీ మాటింటాయి."

"ఒక్క చుక్కతోనే చెప్పాలంటే అది మా యాపారమే కదప్పా" అన్నాడు సాబ్. మరియంబీకి ఆ ఏడుపులోనే నవ్వొచ్చింది.

అంగడికి తాళం పడలేదు. తన కాపురం కోసం సాబ్ పరువు వదులుకున్నాడని భీమక్క ఎమ్మిగనూరు బస్సులో కనబడినవాళ్లందరికీ చెప్పింది. నేతగాళ్లు వెతుక్కుంటూ వచ్చారు. ఇప్పుడు మరియంబీ ఆయన పక్కనే కూర్చుని వాసన చూసి బుడ్డి అందిస్తోంది.

ఒకరోజు భీమక్కే వచ్చి, ఆ మల్లె అత్తరే తనకూ కావాలని సిగ్గుపడుతూ అడిగింది. మరియంబీ మూత తీసింది.

"ఎట్లుంది?" అన్నాడు సాబ్ మెల్లగా.

"మన నిఖా నాడు మీరు పూసుకొచ్చిందే" అంది.

సాబ్ కళ్లు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చాడు. ఏ వాసనా రాలేదు. అయినా "వాహ్" అన్నాడు. ఏడాది తర్వాత, నటించకుండా అన్న మొదటి "వాహ్" అది.