తీసేసిన లైన్లు

ఒంగోలు నుంచి చీమకుర్తి వెళ్లే రోడ్డు పక్కనున్న ఇంజనీరింగ్ కాలేజీలో రెబ్కా కంప్యూటర్ ల్యాబ్ ఇన్‌ఛార్జి. గ్రానైటు బండల లారీలు పోయినప్పుడల్లా ల్యాబ్ అద్దాలు అదిరేవి. ఎన్ని తెరలు కట్టినా సన్నటి దుమ్ము లోపలికొచ్చి మిషన్లలో చేరేది. హార్డ్‌డిస్కులు ఒకదాని వెనక ఒకటి పాడయ్యేవి. కొత్తది బిగించిన ప్రతిసారీ అన్నీ మొదట్నించి ఎక్కించే ఓపిక లేక, బాగున్న డిస్కునొకదాన్ని ఉన్నదున్నట్టు ఒకే ఫైలులోకి దించి పెట్టుకుందామె. డిస్క్ ఇమేజ్ అంటారు దాన్ని. ఆ ఫైలును మిగతా మిషన్లలోకి ఎక్కించడానికి చిన్న ప్రోగ్రాం రాసుకుంది. ఆ ప్రోగ్రాముకు ఆధారం ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఒక లైబ్రరీ, అంటే ఇతరుల ప్రోగ్రాముల కోసం రాసిపెట్టిన కోడు. దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఎవరైనా బాగుచెయ్యొచ్చు.

బాగుచెయ్యాల్సింది చాలానే ఉంది. ఏళ్ల తరబడి ఎవరికి తోచింది వాళ్లు రాసి వదిలేసిన కోడు అది. తీసుకున్న మెమరీని వదలదు. ఫైలు తెరుచుకోకపోయినా తెరుచుకుందనే అనుకుని ముందుకుపోతుంది. ఒకే పని చేసే ఫంక్షన్లు నాలుగైదు చోట్ల వేరువేరు పేర్లతో పడున్నాయి. 2005 వేసవి సెలవుల్లో రెబ్కా పట్టుబట్టి అంతా ఒకేసారి సరిచేసి, ఆ లైబ్రరీ బాగోగులు చూసే యోనాస్ అనే ఆయనకు పంపింది. ఆయనుండేది స్వీడన్‌లో. ఇంత పెద్ద మార్పు చదవడం నావల్ల కాదు, ఒక్కోటీ విడిగా పంపండి అని జవాబు రాశాడు.

అప్పట్నుంచీ ఒక్కోటీ పంపుతూనే ఉంది. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్లిపోయాక, కాలేజీ బస్సు కదిలేలోగా దొరికే కాస్త సమయంలో ఒక పేరు సరిచెయ్యడం, ఒక తనిఖీ చేర్చడం, పనికిరాని ముక్క తీసెయ్యడం. ఎందుకు మార్చిందో రెండు మాటలు రాసి పంపడం. కరెంటు పోతే మళ్లీ మొదలు. జవాబుకు ఒక్కోసారి వారాలు పట్టేది. వచ్చినా అందులో ఉండేది "తీసుకున్నాను" అన్న ఒక్క మాటే. మొదట్లో ఆ మాట చూస్తే సంతోషంగా ఉండేది. రెండో ఏడు వచ్చేసరికి అదీ లేదు. మానేద్దామని చాలాసార్లు అనుకుంది. తెరిచిన ఫైలులో మరో తప్పు కనపడేది, ఆగలేకపోయేది.

"ఇంకా ఎన్నాళ్లు చేస్తావు ఆ పని?" అన్నాడు భర్త ఇమ్మానియేలు ఒక ఆదివారం, చర్చి నుంచి వస్తూ.

"అయిపోయేదాకా."

"ఎప్పుడవుద్ది?"

"అవదండీ," అంది రెబ్కా.

2007 ఎండాకాలంలో ఆమెకు ఒకచోట వింత లైన్లు కనిపించాయి. ఇమేజ్ ఉండాల్సిన సైజు కంటే చిన్నగా ఉంటే, చివర తగ్గినంత మేరా సున్నాలతో నింపి, అంతా సరిగ్గానే ఉందని చెప్పే లైన్లవి. ఎందుకలా రాశారో పక్కన ఒక్క మాట లేదు. పాడైన ఇమేజ్‌ని బాగుందని చెప్పడం తప్పే కదా అనుకుంది. వాటిని తీసేసి, "ఇమేజ్ చెడిపోయింది" అని ఆపేసేలా మార్చింది. యోనాస్ ఎప్పటిలాగే తీసుకున్నాడు.

కొన్నాళ్ల తర్వాత ఒక మధ్యాహ్నం సిలార్ వచ్చాడు. చీమకుర్తి అవతల ఒక కటింగ్ యూనిట్‌లో మిషన్ ఆపరేటర్ అతను. అక్కడి రంపం మిషను స్విచ్ వెయ్యగానే ఫ్లాపీ చదువుకుని పని మొదలుపెడుతుంది. ఫ్లాపీలేమో ఆ దుమ్ముకు తట్టుకోవు. అందుకని రెబ్కా ఆ మిషను అసలు ఫ్లాపీకి ఇమేజ్ తీసి, తన ప్రోగ్రాముతో పాటు సీడీలో పెట్టిచ్చింది. పాతది పాడైనప్పుడల్లా సిలార్ దాన్నుంచి కొత్త ఫ్లాపీ రాసుకుంటాడు. ఈమధ్యనే, మార్పులు చేరిన లైబ్రరీతో చేసిన కొత్త సీడీ కూడా ఇచ్చింది. అది వచ్చాక అతను పాత సీడీని పారేశాడు.

"మేడం, నిన్న పొద్దున్నుంచి మిషను ఆగిపోయిందండి," అన్నాడు గుమ్మంలోనే నిలబడి. కనుబొమల మీద దుమ్ము అలాగే ఉంది. "కొత్త ఫ్లాపీ రాద్దామంటే ఇమేజ్ చెడిపోయిందంటుంది. ఒరిస్సా కూలోళ్లంతా షెడ్డులో ఊరికే పడుకునున్నారు. మా ఓనరు ఫోన్ల మీద ఫోన్లు."

రెబ్కాకు అర్థమైపోయింది. అసలు ఫ్లాపీకి ఇమేజ్ తీసిన రోజున దాని చివరి భాగం చదవడానికి రాలేదు. మిషనుకు ఆ భాగంతో పనే లేదు. ఇన్నాళ్లూ ఆ కొరతను సున్నాలతో పూడ్చి పని జరిపించింది తను తీసేసిన ఆ లైన్లే.

"కూర్చోండి సిలార్ గారూ. తప్పు నాదే," అంది.

"మీరు కావాలని చేశారా ఏంటండీ," అన్నాడు సిలార్. కానీ కూర్చోలేదు.

పాత లైన్లు వెతికి మళ్లీ పెట్టింది. ఊరికే సరేననకుండా, చివర ఇంత తగ్గిందని హెచ్చరించి ముందుకుపోయేలా చేసింది. ఎందుకున్నాయో పక్కన రాసింది. సీడీ రాయడం అయ్యేసరికి కాలేజీ బస్సు వెళ్లిపోయింది. రోడ్డు మీద నిలబడి షేర్ ఆటో కోసం చూస్తుండగా సిలార్ ఫోన్ చేశాడు. "తిరుగుతుందండి," అన్నాడు. వెనకనుంచి బండ కోసే రొద వినిపించింది. ఊరట కలుగుతుందనుకుంది గాని కలగలేదు. సిలార్ దగ్గర్లో ఉన్నాడు కాబట్టి వచ్చాడు. రాలేనివాళ్లు ఎంతమందో, ఎక్కడెక్కడ ఏం ఆగిపోయిందో.

మర్నాటినుంచి కొత్త మార్పులు ఆపేసింది. రెండేళ్లలో తను తీసేసిన ప్రతి ముక్కనీ బయటికి తీసి మళ్లీ చదివింది. అది కొత్త మార్పులు చెయ్యడం కన్నా విసుగు పని. చాలావరకు నిజంగానే చెత్త. ఒకచోట మాత్రం, పాత రకం డిస్కుల కోసం ఎవరో జాగ్రత్తగా రాసిన తనిఖీ దొరికింది. దాన్నీ వెనక్కి పెట్టింది. జరిగిందంతా దాచకుండా యోనాస్‌కు రాసింది.

ఈసారి జవాబు పొడుగ్గా వచ్చింది. ఆ సున్నాల లైన్లు రాసింది తనేనట. పాత ఫ్లాపీలు పట్టుకొచ్చిన ఒక స్నేహితుడి కోసం రాశాడట. ఎందుకు రాశాడో తనే మరిచిపోయి, ఆమె మార్పును సరిగ్గా చదవకుండానే ఒప్పుకున్నాడట. "చదివే ఓపిక పోయి చాలా రోజులైంది. మీరు ఈ బాధ్యత తీసుకుంటారా?" అని అడిగాడు.

రెబ్కా ఆ ఉత్తరాన్ని కొన్నాళ్లు అలాగే ఉంచింది. ఇమ్మానియేలుకు చెప్పింది.

"వద్దని రాసెయ్. నువ్వు మాత్రం ఏం కులాసాగా ఉన్నావని."

"వద్దంటే ఆయన దాన్ని అలా వదిలేసిపోతాడండీ."

"పోతే?"

మర్నాడు ఆమె ల్యాబ్‌లో కూర్చుని, వేరే ఎవరైనా దొరికేదాకా చూస్తానని యోనాస్‌కు రాసింది. ఆయన వెంటనే ధన్యవాదాలు చెప్పాడు. అంత త్వరగా ఆయన జవాబివ్వడం అదే మొదటిసారి. ఆ తర్వాత మళ్లీ ఉత్తరం రాయలేదు. వేరే ఎవరూ దొరకలేదు. ఊరూ పేరూ తెలియని మనుషులు పంపే మార్పులు ఇప్పుడు ఆమెకే వస్తున్నాయి. మధ్యాహ్నం బ్యాచ్ వెళ్లాక, ఫ్యాను కింద కూర్చుని, ఒక్కో లైనూ చదువుతుంది. అర్థం కానిచోట, ఇది ఎందుకు తీసేశారు అని అడుగుతుంది. వాళ్లకు విసుగొస్తుందని తెలుసు.