పచ్చకీ పచ్చికీ మధ్య

"గ్రీన్ అంటే పచ్చరంగు కదోయ్. చెక్కకి పచ్చరంగేమిటి? నిద్రమత్తులో కొట్టావా?"

ఆ రోజు నేను వంటింట్లో నేల తుడుస్తున్నాను. మా ఆయన నా అనువాదం కాగితాలు చేత్తో పట్టుకుని, తుడిచిన మేరంతా తొక్కుకుంటూ లోపలికి వచ్చి అడిగాడు. రంగు కాదండీ, కోసినాక ఇంకా ఆరని చెక్కని ఇంగ్లీషులో గ్రీన్ అనే అంటారు, మనం పచ్చి కట్టె అనమూ, అదే ఇది అని చెప్పాను. ఆయన నవ్వాడు. చిన్నపిల్ల ముద్దుగా తప్పు మాట్లాడితే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు అది. "వంటింటి భాష తెచ్చి టెక్నికల్ పుస్తకంలో పెట్టకు. డ్యాంప్ అని మారుస్తున్నాను. అన్నిచోట్లా ఒకేలా ఉంటే అందంగా ఉంటుంది" అని, నేల మీద తన పాదాల గుర్తులు వదిలేసి వెళ్ళిపోయాడు. నేను మళ్ళీ తుడుచుకున్నాను.

మా ముందుగదే ఆయన ఆఫీసు. రష్యన్ నుంచి ఇంగ్లీషులోకి సాంకేతిక అనువాదాలు చేయబడును అని బయట బోర్డు, కింద ఆయన పేరు. ఇద్దరం ఒకే క్లాసులో రష్యన్ చదివాం. నేను నేర్చుకున్నాను, ఆయన పాసయ్యాడు. పుస్తకాలు ఆయన తెస్తాడు, నేను అనువదిస్తాను, ఆయన ఫైనల్ చేస్తాడు. ఫైనల్ చేయడమంటే పేజీకి ఒక మాట మార్చడం. కుక్క స్తంభం దగ్గర ఆగకుండా పోలేనట్టు మా ఆయన నా పేజీని ఊరికే వదిలి పోలేడు. బిగ్ అని ఉంటే లార్జ్ చేస్తాడు, లార్జ్ అని ఉంటే బిగ్ చేస్తాడు. లోకానికి నష్టం లేదు కదా అని నేనూ నోరెత్తేదాన్ని కాదు. అంత శ్రమ పడ్డాక మొదటి పేజీలో అనువాదకుడుగా తన పేరు వేసుకుంటాడు. ఫోన్లో ఎవరైనా అడిగితే, "మా ఆవిడ టైపింగులో సాయం చేస్తుందండీ" అంటాడు. వచ్చినవాళ్ళు నేనిచ్చిన కాఫీ తాగుతూ, "టైపు చేసేది మీరేనామ్మా? చాలా నీట్‌గా ఉంటుంది" అని మెచ్చుకుంటారు. ఇక అత్తయ్య సంగతి. "వాడు ఎండనకా వాననకా తిరుగుతాడు. నీకేమమ్మా, నీడపట్టున కూర్చుని చేసే పనేగా" అంటుంది, నేను ఒక చేత్తో కీబోర్డు, ఒక చేత్తో ఆవిడ మాత్రలు అందుకుంటుంటే.

మాకు వచ్చే పుస్తకాల్లో చాలావరకు నీళ్ళ చుట్టూ తిరిగేవే. పంపులు, ఆవిరి గొట్టాలు, గోడకి చెమ్మ ఎక్కకుండా పూసే మందులు, గింజలు ఆరబెట్టే యంత్రాలు. రష్యన్లో వ్లాజ్నస్త్ అని ఒక మాట ఉంది. గాలిలో ఉన్నా, గింజలో ఉన్నా, ఇటుకలో ఉన్నా వాళ్ళకది వ్లాజ్నస్తే. ఇంగ్లీషువాళ్ళకి అలా కుదరదు. గాలిలో ఉంటే హ్యుమిడిటీ అనాలి, వస్తువులో ఉంటే మాయిశ్చర్ అనాలి. అది చూసుకోకుండా రాస్తే గోధుమ గింజకి వాతావరణ సూచన చెప్పినట్టుంటుంది. ఇలాంటి మాట తగిలినప్పుడల్లా నేను ముందు దాన్ని తెలుగులో తడిమి చూసుకుంటాను. తడి, చెమ్మ, తేమ, నెమ్ము, ఊట, చిత్తడి. ఇంట్లో తడి పనులన్నీ నావే కాబట్టి ఏది ఏదో నా చేతులకి తెలుసు. పిండి ఆరేసిన దుప్పటిది తడి. సాయంత్రానికి దాని అంచుల్లో మిగిలేది చెమ్మ. బీరువా వెనక గోడకి పట్టింది నెమ్ము. మా ఆయనకి ఇవన్నీ ఒకటే, ఎందుకంటే ఆయన ముట్టుకునేసరికి అన్నీ ఆరి, మడతపడి, అలమరలో ఉంటాయి.

అలాంటిదే సిరోయ్ అనే మాట. చెమ్మగా ఉన్నదీ సిరోయే, వండనిదీ సిరోయే, ఆరనిదీ సిరోయే. ఇంగ్లీషులో దాన్ని మూడు ముక్కలు చేయాలి. మనకు మాత్రం హాయిగా ఒక్క మాట ఉంది, పచ్చి. పచ్చి మాంసం, పచ్చి గోడ, పచ్చి కట్టె, పచ్చి పుండు. పచ్చి బాలింత కూడా. నేను పచ్చి బాలింతగా ఉన్నప్పుడు ఆయన ఒక లావుపాటి పంపుల కేటలాగు తెచ్చి మంచం మీద, పిల్ల పక్కనే పెట్టి, "ఎలాగూ పడుకునే ఉంటావుగా" అన్నాడు. "అవునమ్మా, నీకూ కాలక్షేపం" అంది అత్తయ్య. నేను చేశాను. అందుకు నాకు కోపం రాలేదని కాదు, వచ్చిన కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో అప్పుడు తెలియలేదు. పచ్చకీ పచ్చికీ మధ్య రాతలో ఒక్క గుడి తేడా. అంత చదువుకున్న మనిషికి ఆ గుడి కనిపించలేదు.

ఆ గ్రీన్ మాట వచ్చిన పుస్తకం ఒక తలుపుల ఫ్యాక్టరీది. వాళ్ళు చెక్క ఆరబెట్టే పెద్ద గదిలాంటి యంత్రం కొన్నారు. అందులో వేడి పెట్టే పద్ధతులు రెండు. అప్పుడే కోసిన చెక్కకి నీరు లోపలంతా ఉంటుంది, కాబట్టి ఆవిరి పట్టిస్తూ నెమ్మదిగా వేడి పెంచాలి. తొందరపడితే పైన ఎండి బిగుసుకుంటుంది, లోపల పచ్చిగానే ఉంటుంది, చెక్క చీలిపోతుంది. ఇక ఎప్పుడో ఆరిపోయి, వానలోనో గోదాములోనో మళ్ళీ నెమ్ము పట్టిన చెక్కకి ఆ బాధ లేదు, వేడి ఒక్కసారే పెట్టేయొచ్చు. మొదటిదానికి రష్యన్లో సిరోయ్, రెండోదానికి వేరే మాట. నేను మొదటిదాన్ని గ్రీన్ అనీ, రెండోదాన్ని డ్యాంప్ అనీ రాశాను. మా ఆయన అందం కోసం రెండింటినీ డ్యాంప్ చేశాడు. చదివినవాడికి ఏ డ్యాంపు ఏదో ఎలా తెలుస్తుంది? ఫ్యాక్టరీవాళ్ళు పచ్చి చెక్క గదినిండా పేర్చి, తొందరగా అయిపోయే పద్ధతి ఎంచుకున్నారు. మేకు దిగకముందే తలుపులన్నీ చీలాయి.

తలుపులాయన ఫోన్ చేసి వస్తున్నానన్నాడు. ఆ ఫోన్ పెట్టేశాక మా ఆయన నీరుగారిపోయాడు. గదిలో అటూ ఇటూ తిరిగాడు. నేను కూరగాయలు తరుగుతుంటే ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాడు. పెళ్ళయ్యాక ఆ పీట మీద ఆయన కూర్చోవడం నేను చూసింది అప్పుడే.

"ఒక పని చెయ్యి. ఆయన వచ్చాక పుస్తకం నువ్వే చేశావని చెబుతాను. నువ్వూ అవునను, చాలు."

"నేనే కదండీ చేసింది."

"అదే అంటున్నా. ఆడమనిషివి, గట్టిగా ఏమీ అనలేడు. నా పేరు పోయిందంటే ఇక పని రాదు. నీదైతే ఏముంది, పోవడానికి నీకు బయట పేరు లేదుగా."

అత్తయ్య పక్కగదిలోంచి, "ఇంటికోసం ఆ మాత్రం పడాలమ్మా" అంది. ఆవిడకి చెవులు సరిగ్గా వినపడవని ఇంటిల్లిపాదీ గట్టిగా మాట్లాడతాం. నేను మా ఆయన మొహంలోకి చూశాను. తడిగుడ్డతో గొంతు కోస్తున్నానన్న స్పృహ కూడా లేదు ఆ మొహంలో, ఏదో చిన్న సాయం అడిగినట్టుంది. ఇన్నేళ్ళు ఈ మనిషికా నేను భయపడింది అనిపించింది. తప్పు పట్టుకోవడం రానివాడు సరే, చేసిన తప్పు మోయడమూ చేతకాదు. "మీరు చెప్పండి, నేను అవునంటాను" అన్నాను. ఆయన మొహం వెలిగింది. తనకి కాఫీ కలిపి ఉంచమని చెప్పి స్నానానికి పోయాడు.

తలుపులాయన చీలిన చెక్క ఒకటి చంకలో పెట్టుకుని వచ్చాడు. దాన్ని బల్ల మీద పెట్టి, పక్కనే పుస్తకం పెట్టాడు. అరవలేదు. "ఏం చేద్దాం సార్, మీరే చెప్పండి" అన్నాడు. మా ఆయన కాసేపు నీళ్ళు నమిలాడు. తర్వాత నావైపు చెయ్యి చూపించాడు.

"అసలు సంగతేంటంటేనండీ, ఈ పుస్తకం నేను చేయలేదు. మా ఆవిడ చేసింది. ఇంట్లో ఖాళీగా ఉంటుంది కదా అని ఇచ్చాను."

తలుపులాయన నన్ను చూశాడు. కాఫీ కప్పుతో కాకుండా నేనక్కడ నిలబడటం ఆయనకి కొత్త. "మీరేనామ్మా చేసింది?"

"నేనేనండీ. మీ జిగురు మిషను పుస్తకం, రంగు మిషను పుస్తకం కూడా. ఆ బోర్డు పెట్టిన దగ్గర్నుంచి ఇక్కణ్ణుంచి పోయిన ప్రతి పుస్తకం నేనే చేశాను. కావాలంటే ఆయన్నే అడగండి."

మా ఆయన సంబరంగా తలాడించాడు. నా మీద ఎంత పడితే ఆయనకి అంత తేలిక కదా. "అవునండీ, అన్నీ తనే. నేను పైపైన చూస్తానంతే."

"మరి జిగురు మిషనుకి ఏ ఇబ్బందీ రాలేదే" అన్నాడు తలుపులాయన, ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

నేను బల్ల దగ్గరికి వెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాను. రష్యన్ పుస్తకం తెరిచి, రెండు మాటలూ పక్కపక్కన వేలుపెట్టి చూపించాను. ఏది పచ్చిదో, ఏది నెమ్ము పట్టిందో, ఏ వేడి దేనికో చెప్పాను. చెక్క పని తెలిసిన మనిషి, చెబుతుంటేనే తల ఊపుతున్నాడు. చీలికలో వేలు పెట్టి, "లోపల పచ్చిగానే ఉందమ్మా ఇప్పటికీ" అన్నాడు.

"నేను గ్రీన్ అని రాశానండీ. ఆయన డ్యాంప్ అని మార్చారు. పుస్తకమంతా నాది. అందులో లెక్కలోకి వచ్చే మాట ఆయనది ఈ ఒక్కటే."

మా ఆయన కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. "ఇప్పుడు ఎవరిదైతే ఏమిటండీ. భార్యాభర్తలం, అంతా ఒకటే కదా" అన్నాడు. మొదటి పేజీలో పేరు వేసుకునేటప్పుడు మాత్రం ఈ ఒకటి ఎప్పుడూ గుర్తురాలేదు ఆయనకి. నాకు నవ్వొచ్చింది, దాచుకోలేదు.

తలుపులాయన కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. "పోయిన చెక్క సంగతి నేనూ సారూ తర్వాత తేల్చుకుంటాం. మీరు ఈ పేజీలు సరిచేసి ఇవ్వండి. ఇంకో మిషను పుస్తకం కూడా వచ్చింది, అది నేరుగా మీకే పంపుతాను. ఎవరి పేరున పంపాలమ్మా?" అని జేబులోంచి పెన్ను తీశాడు.

చెప్పాను. రాసుకున్నాడు.

"ఇంటిపేరు సార్‌దేగా?"

మా ఆయన నాకంటే ముందే తల ఊపాడు.

"కాదండీ" అని, రష్యన్ నేర్చుకున్నప్పుడు నాకున్న ఇంటిపేరు చెప్పాను.