రంగుతొట్టి బిరడా

నేను ఒక బిరడాని. సీసా మూతిలో దర్జాగా కూర్చునే రకాన్ని కాను. తుమ్మకర్రతో చేసిన జానెడు మొద్దుని, మెడకు ఓ తాడు. నా పుట్టుకకు కారణం మున్సిపాలిటీ హుకుం అంటే మీరు నవ్వుతారు గాని, అది నిజం.

సముద్రానికి దగ్గరలో ఉన్న మా ఊళ్ళో బట్టల మీద అద్దకం పని చేస్తారు. బట్ట ఉతికిన రంగునీళ్ళను అద్దకం షెడ్ల వెనక పారే వాన కాలవలోకి వదిలెయ్యడం అందరికీ అలవాటే. ఒక ఏడు మున్సిపాలిటీ వాళ్ళు ఆటోకి మైకు కట్టి ఊరంతా తిప్పారు. వాన కాలవలో వాననీరే పారాలట. రంగునీళ్ళు తొట్టిలో నిలవ చేసి, ట్యాంకరు వస్తే అందులోకి ఎక్కించాలట. తొట్టి నుంచి కాలవలోకి ఉన్న కన్నాలను ఇటుకలతో కట్టెయ్యాలట. మా షెడ్డు యజమాని నాంచారయ్య మైకులో చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. విని, ఇటుకలు కొనడం మానేసి వడ్రంగి దగ్గరికి వెళ్ళాడు.

"ఇటుకలు కట్టేస్తే రేపు తొట్టి కడుక్కోటం ఎట్టాగయ్యా? ఓ బిరడా కొట్టియ్యి," అన్నాడు.

అలా పుట్టాను. మొదట్లో నాకు చాలా గర్వంగా ఉండేది. ఊరి కాలవను కాపాడే ఉద్యోగం నాదే అనుకున్నాను. మొదటి మబ్బు పట్టేదాకా ఆ భ్రమ సాగింది.

మబ్బు పడితే అద్దకాల వీధిలో ఎవరికీ కాలు నిలవదు. ట్యాంకరు కోసం ఎదురుచూడటం ఎవరికిష్టం? జోరువానలో కాలవ పొంగి పారుతుంటే ఏ రంగు ఏ షెడ్డుదో ఎవరు పోల్చగలరు? అందుకే చినుకు పడగానే అందరూ తొట్లు వదిలేసేవారు. నాంచారయ్య కూడా నా తాడు పట్టుకుని లాగేవాడు. "వానే కడిగేసిద్దిలే," అని తనకు తనే సర్దిచెప్పుకునేవాడు. చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆ సర్దుబాటు అవసరం ఉండేది కాదు.

ఒక సాయంత్రం తూర్పున నల్లగా కమ్ముకొచ్చింది. నాలుగు చినుకులు రాలాయి. నాంచారయ్య నన్ను లాగేశాడు. తొట్టి నిండా చిక్కటి మెరూన్ నీళ్ళు బుడబుడమంటూ కాలవలోకి దూకాయి. అంతలో గాలి తిరిగింది. మబ్బు అటే సముద్రం మీదికి జారుకుంది. వాన లేదు. ఎండిన కాలవలో రంగు ఒక్కటే పారుకుంటూ పోయింది.

కాలవ చివర తిరుపతమ్మ ఆకుకూర మళ్ళున్నాయి. ఆమె బతుకంతా ఆ తోటకూర, గోంగూర మీదే. నాంచారయ్యను నోరారా అన్నయ్యా అని పిలుస్తుంది, మొదటి కోత కట్ట వాళ్ళింట్లోనే పెడుతుంది. ఆ సాయంత్రం ఆమె కూడా అదే మబ్బును చూసింది. చూసి, వాననీళ్ళు మడిలోకి పారతాయని గండి తెరిచిపెట్టి ఇంటికెళ్ళింది.

మర్నాడు పొద్దున, మాడిన ఆకులు కొంగులో వేసుకుని తిన్నగా మా షెడ్డుకే వచ్చింది.

"అన్నయ్యా, రంగులు తెలిసినోడివి, నువ్వు చూసి చెప్పు. ఈ ఎరుపు ఏ షెడ్డుదో."

నాంచారయ్య ఆకు తిప్పి చూశాడు. తన చేత్తో కలిపిన రంగు తనకు తెలియదా!

"రంగు కాదమ్మా ఇది. తెగులు," అన్నాడు.

"నువ్వు చెప్పావంటే అంతేలే," అని ఆమె వెళ్ళిపోయింది. వెళ్ళి, లేని తెగులుకి వేపపిండి చల్లింది. నాంచారయ్య కాలవ గట్టు మీద నిలబడి అది చూశాడు. ఆ పూట అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద కలిపినట్టే వదిలి లేచాడు. నేను మాత్రం ఏమంత గొప్ప? ఆపడానికి పుట్టి, లాగినప్పుడల్లా తేలిగ్గా ఊడివచ్చిన దాన్ని.

మళ్ళీ పోసిన నారు కూడా మాడింది. ఈసారి తిరుపతమ్మ మున్సిపాలిటీకి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని వీధిలో గుప్పుమంది. ఎప్పుడూ లాగని బిరడాకి కాలవ వైపు కొస రంగంటకుండా తెల్లగా ఉండాలి. నా కొస వలయాలు వలయాలుగా మెరూన్ పట్టి ఉంది. నాంచారయ్య నా కొసనూ పక్కలనూ చిత్రిక పట్టి, మళ్ళీ కన్నంలో బిగించాడు.

ఇన్‌స్పెక్టరు కాలవలోకి వంగి నన్ను చూశాడు. "ఇటుక కట్టలేదేం? సరే, ఇది కదిలిన జాడ మాత్రం లేదు," అన్నాడు.

పక్కనే ఉన్న తిరుపతమ్మ, "మా అన్నయ్య అట్టాంటోడు కాదండీ, పక్క షెడ్లు చూడండి," అంది.

నాంచారయ్య తల పైకెత్తలేదు. ఆ మాట కంటే ఆమె అతని చెంప మీద కొట్టినా బాగుండేదని నాకనిపించింది.

ఆ రోజు నుంచి మబ్బు పట్టినా నా తాడు ముట్టలేదు. కానీ చెక్కి చెక్కి నన్ను సన్నం చేశాడు కదా! ఆపాలని అతను నిజంగా అనుకున్నాక, నాకు ఆపే సత్తువ లేకుండా పోయింది. గుడ్డ చుట్టాడు, సుత్తితో కొట్టాడు. అయినా గోడ మీద సన్నగా ఎర్రటి చార దిగుతూనే ఉంది. ఆ చారను చూసి చూసి, చివరికి తొట్టి ట్యాంకరులోకి ఖాళీ చేయించి, తనే ఇటుకలు పేర్చి కన్నం కట్టేశాడు. తర్వాత నన్ను పట్టుకుని మళ్ళ దగ్గరికి నడిచాడు.

"తెగులు కాదమ్మా. ఆ ఎరుపు నాదే," అంటూ నన్ను ఆమె ముందు పెట్టాడు.

తిరుపతమ్మ నన్ను చేతిలోకి తీసుకుని, చెక్కిన కొసను వేలితో తడిమింది.

"నే వేపపిండి చల్లతా ఉంటే, చూస్తా ఎట్టా నుంచున్నావన్నయ్యా?"

అన్నయ్యా అని ఆమె పిలవడం అదే ఆఖరు.

ఇప్పుడు తిరుపతమ్మ గండి దగ్గర గొట్టం పెట్టుకుని, నాకు పాత చీర పేలిక చుట్టి నాతోనే దాన్ని మూస్తోంది. మొన్న మంచి వాన పడింది. నాంచారయ్య గట్టు మీద తడుస్తూ నిలబడి, "నీళ్ళు తేటగానే ఉన్నాయమ్మా, వదులుకో!" అని అరిచాడు.

"చూసి వదులుతాలెండి, నాంచారయ్యగారూ," అంది ఆమె.

తర్వాత కాలవలోకి దిగి, దోసిట్లోకి నీళ్ళు తీసుకుని, వెలుతురు కేసి పట్టి చూసింది. ఆ నీళ్ళు నిజంగానే తేటగా ఉన్నాయి. అయినా నన్ను లాగలేదు.