ట్రే అడుగున పేరు

గురువారం పొద్దున తూకం. వెర్లిన్ బూట్లు విప్పాడు, బెల్టు తీశాడు, జేబులోని తాళంచెవులు వాష్‌బేసిన్ అంచున పెట్టాడు. ఊపిరి బిగబట్టి మెషీన్ ఎక్కాడు. అతని భార్య మార్లిస్ గుమ్మానికి ఆనుకుని నిలబడి అంకె చదివింది. రెండు వందల నలభై ఏడు పౌండ్లు. పోయిన గురువారమూ అంతే. ఆ ముందు గురువారమూ అంతే.

"మెషీను పాడైందేమో," అన్నాడు వెర్లిన్.

"నేనెక్కితే సరిగ్గానే చూపిస్తోంది."

"అయితే నేనే పాడయ్యుంటాను."

మామూలు రోజుల్లో అయితే ఆమె నవ్వేదే. కానీ నవ్వడానికీ ఓపిక ఉండాలి. నిన్న డయాలసిస్ నుంచి వచ్చాక చొక్కా బొత్తాలు విప్పుకోవడానికే రెండుసార్లు మంచం మీద కూర్చుని లేచింది.

మార్లిస్ కిడ్నీలు రెండేళ్ళ క్రితం చేతులెత్తేశాయి. సోమ, బుధ, శుక్రవారాలు వెర్లిన్ వెంట నలభై మైళ్ళ అవతల ఊరికి వెళ్ళి, నాలుగేసి గంటలు మెషీనుకు చెయ్యి అప్పగించి పడుకోవాలి. వెర్లిన్ కిడ్నీ ఆమెకు సరిపోతుందని తేలిన రోజున ఇద్దరూ పండగ చేసుకున్నంత పని చేశారు. ఆ మర్నాడే ఆసుపత్రి నర్సు రెనే ఫోను చేసి, మనిషి రెండు వందల ముప్పై ఒకటికి దిగితే తప్ప సర్జన్ కత్తి పట్టుకోడని చెప్పింది. అప్పటికి, అంటే అక్టోబరులో, వెర్లిన్ రెండు వందల డెబ్బై ఒకటి. మార్చి పద్నాలుగున ఆఖరి తూకం. ఆ రోజుకి దిగకపోతే ఫైలు మూసేస్తారు. పరీక్షలన్నీ మళ్ళీ మొదటి నుంచి, ఇంకో ఏడాది. డయాలసిస్ సూది గుచ్చే నరం మార్లిస్ ఎడమ చేతిలో ఇప్పటికే రెండుసార్లు మూసుకుపోయింది, కుడిచేతిదొక్కటే మిగిలింది. ఇంకో ఏడాది అని చెప్పేవాళ్ళకి తేలికే. ఆ ఏడాది ఎక్కణ్ణించి తేవాలో మాత్రం ఎవరూ చెప్పరు.

వెర్లిన్ ఇరవై ఏడేళ్ళుగా రోడ్ల మీద మంచు తోసే కౌంటీ ట్రక్కు నడుపుతున్నాడు. మిన్నెసోటా చలికాలంలో ఆ ఉద్యోగమంటే పొద్దుగూకులూ సీట్లో కూర్చోవడం, పెట్రోలు బంకుల్లో వేడి సాసేజీలు తినడం. అవన్నీ ఆమె మాన్పించింది. కోడిమాంసం తూకం వేసి ఉడకబెట్టింది. అతనికి వెన్న, జున్ను, బ్రెడ్డు లేకుండా వండాలి. తనకి ఉప్పు, టమాటా, బంగాళాదుంప లేకుండా వండుకోవాలి. ఒక్క పొయ్యి మీద రెండు పథ్యాలు. రోజూ ఆరింటికి, ఇంకా తెల్లారకముందే, స్కూలు లోపలి వరండాలు నడకవాళ్ళ కోసం తెరుస్తారు. బయట ఎముకలు కొరికే చలి కదా. అతను వరండాలో నడుస్తుంటే ఆమె మడతకుర్చీలో కూర్చుని, చుట్టుకో బొత్తాం కుడి జేబులోంచి ఎడమ జేబులోకి మార్చేది. నలభై బొత్తాలు.

మొగుడి నోటి దగ్గర ముద్ద లాక్కోవడం ఏ పెళ్ళానికైనా కష్టమే. తన ప్రాణం కోసం లాక్కోవడం మరీ కష్టం. "రెండో ముక్క వద్దు" అన్నప్పుడల్లా మార్లిస్‌కి సిగ్గేసేది. అన్నాక కోపం వచ్చేది, ఆ కోపం ఎవరి మీదో తెలిసేది కాదు.

ఇంత జరుగుతున్నా ఊళ్ళో ఎవరికీ కిడ్నీ ఇచ్చే సంగతి తెలియదు. మార్లిస్‌కి ఒంట్లో బాగాలేదని, వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తుందని తెలుసు, అంతే. ఈ ఊరివాళ్ళు ఎలా ఉన్నావంటే ఫరవాలేదనే అంటారు. ఇల్లు కాలిపోతున్నా, చలికి వెచ్చగానే ఉందంటారు. కష్టం చెప్పుకుంటే సాయం అడిగినట్టు, సాయం అడిగితే తల వంచుకున్నట్టు. వీళ్ళిద్దరూ ఆ మట్టిలో పుట్టినవాళ్ళే.

ఆ గురువారం వెర్లిన్ పనికి వెళ్ళాక, మెట్ల మీద గడ్డకట్టిన మంచు మీద చల్లడానికి ఉప్పు బకెట్ కోసం మార్లిస్ గరాజ్‌లోకి వెళ్ళింది. చేపలు పట్టే సామాను వెనక టార్పాలిన్ కప్పిన దొంతర ఒకటి కనబడింది. పట్టా ఎత్తింది. ఏడు గాజు ట్రేలు. తళతళా మెరిసేలా కడిగి, ఒకదానిలో ఒకటి పేర్చి ఉన్నాయి. పైదాన్ని తిరగేసింది. అడుగున కాగితపు టేపు, దాని మీద పెన్నుతో ఆర్డిస్ అని పేరు. తర్వాతిది లావోన్. తర్వాతిది మళ్ళీ ఆర్డిస్.

ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. ఎవరింట్లో జబ్బయినా, చావయినా, చర్చి ఆడవాళ్ళు హాట్‌డిష్ పట్టుకొస్తారు. కింద ఖీమా, మధ్యలో డబ్బా సూపు, పైన బంగాళాదుంప ముక్కలు బారులు తీర్చి, ఓవెన్లో ఎర్రగా కాల్చినది. ట్రే తిరిగి ఎవరికి చేరాలో తెలియాలి కాబట్టి అడుగున పేరు రాస్తారు.

మధ్యాహ్నం వెర్లిన్ భోజనానికి వచ్చేసరికి వంటింటి బల్ల మీద ఏడు ట్రేలూ వరసగా ఉన్నాయి. దొంగకు తేలు కుట్టినట్టు గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఎప్పట్నించి?" అంది మార్లిస్.

"క్రిస్మస్ వెళ్ళిందగ్గర్నించి. నువ్వు డయాలసిస్ నుంచి వచ్చి పడుకుంటావు కదా, అప్పుడొస్తారు."

"వద్దనడానికి నోరు లేదూ?"

"అన్నాను. మూడుసార్లు అన్నాను."

"మూడోసారి వద్దంటే ఇమ్మనేగా అర్థం! ఈ ఊళ్ళో పుట్టిన పిల్లినడిగినా చెప్తుంది. నాలుగోసారి అనాలి."

"నాలుగోసారి అంటే ఏం బావుంటుంది మార్లిస్? మొహం మీద తలుపేసినట్టుంటుంది."

"పోనీ పారబోయాల్సింది."

"ఆదివారం చర్చిలో ఎలా ఉందని అడుగుతారు. అబద్ధం చెప్పనా?"

"అబద్ధం చెప్పలేక ఏడు ట్రేలు మింగావన్నమాట. మొహమాటానికి పోతే కడుపొస్తుందంటే ఏమో అనుకున్నాను. ఇదిగో, నా ఎదురుగా నిలబడింది."

అతను నవ్వబోయి ఆమె మొహం చూసి మానేశాడు.

"నేను పోతాను వెర్లిన్," అంది ఆమె. గొంతు పెంచలేదు, పెంచే ఓపిక లేదు. "ఆర్డిస్ మనసు కష్టపెట్టకూడదని నేను చచ్చిపోతాను. అది నీకు తెలుస్తోందా?"

వెర్లిన్ కుర్చీలో కూలబడ్డాడు. టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అప్పుడన్నాడు, "మర్యాద కోసమన్నది సగమే. మిగతా సగం ఆకలి. నిలబడే తినేశాను, గరాజ్‌లో, చల్లారకముందే. నీకు చూపించలేక."

మార్లిస్ ట్రే ఒకటి ముందుకి లాక్కుని అంచు తడిమింది.

"నాకు వాసనొచ్చేది," అంది. "ఆ గదిలో పడుకుంటే కాలిన బంగాళాదుంపల వాసన. రెండేళ్ళయింది కదా తిని, కల్లో వస్తోందేమో అనుకునేదాన్ని."

వెర్లిన్ మొహం చేతుల్లో దాచుకున్నాడు. ఆమె అతన్ని ఓదార్చలేదు. ఓదార్చాలనిపించలేదు కూడా.

ట్రేలు తిరిగి ఇవ్వాలి. ఖాళీ ట్రే ఇవ్వడం ఇక్కడ పద్ధతి కాదు, తిరిగి వెళ్ళే ట్రేలో ఏదో ఒకటి పెట్టాలి. ఏడు కేకులు చెయ్యడానికి ఆమెకు ఒంట్లో శక్తేది? సాయంత్రం కూర్చుని ఏడు చీటీలు రాసింది. అన్నిటిలోనూ ఒకటే మాట: 'వెర్లిన్ నాకు తన కిడ్నీ ఇస్తున్నాడు. మార్చి పద్నాలుగు లోపల పదహారు పౌండ్లు తగ్గాలి. తగ్గకపోతే తీసుకోరు. దయచేసి తిండి తేవద్దు. మీ వంట బాగుంటుంది, అదే చిక్కు.'

వెర్లిన్ చదివాడు. "అడుక్కున్నట్టుంది."

"వద్దని అడుక్కుంటున్నాం. అదీ చేతకాకపోతే ఇంకెందుకు?" అని పెద్ద ట్రే అతని చేతిలో పెట్టింది. "బండెక్కకు. రోజుకొకటి, నడిచెళ్ళి ఇచ్చిరా. తిన్న దారినే తిరిగి నడు."

ఏడు రోజులు అతను తువ్వాలు చుట్టిన ట్రే చంకన పెట్టుకుని, మంచు గట్ల మధ్య ఊరంతా నడిచాడు. తలుపు కొట్టడం, ట్రే ఇవ్వడం, వెనక్కి తిరగడం.

ఆ తర్వాత వాళ్ళ గుమ్మం బోసిపోయింది. ఎవరూ రాలేదు, ఎవరూ ఫోను చెయ్యలేదు. ఆదివారం చర్చిలో కాఫీ దగ్గర ఆడవాళ్ళు తమ బూట్లకేసి చూస్తూ వాతావరణం గురించి మాట్లాడారు. ముప్పై ఏళ్ళ నేస్తాల్ని ఏడు కాగితం ముక్కలతో పోగొట్టుకున్నాననుకుంది మార్లిస్. తూకం మాత్రం కదిలింది. రెండు వందల నలభై మూడు. ఆ అంకె చూసి కూడా ఆమెకి ఏడుపే వచ్చింది.

సోమవారం పొద్దున ఆర్డిస్ వచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ళ ముసలావిడ. పుట్టి బుద్ధెరిగాక ఒకరింటికి వట్టి చేతులతో వెళ్ళి ఎరగదు. గుమ్మంలో నిలబడి చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది, తీసింది, మళ్ళీ పెట్టుకుంది.

"చేతులూపుకుంటూ వచ్చాను మార్లిస్," అంది. "వీటినేం చేసుకోవాలో తెలీడం లేదు."

"లోపలికి రండి ఆర్డిస్."

"మూడు ట్రేలు! ఒక్కోదాంట్లో ఎంత వెన్న వేశానో దేవుడికే తెలుసు. ఆయన కడుపు నిండితే నిన్ను బాగా చూసుకుంటాడనుకున్నాను చూడు, నా బుద్ధి. ముందే ఎందుకు చెప్పలేదే?"

"మీరు అడగలేదుగా."

"అడిగితే ఏం బావుంటుందని అడగలేదు."

ఆర్డిస్ చేతులు జేబుల్లోంచి బయటికి తీసింది. "ఇవాళ నిన్ను డయాలసిస్‌కి నేను తీసుకెళ్తున్నా. బుధవారం లావోన్. శుక్రవారం మళ్ళీ నేను. నీ మొగుణ్ణి అక్కడ నాలుగు గంటలు కుర్చీలో కూర్చోబెట్టడమేమిటి? వెళ్ళి స్కూల్లో నడవమను."

"వద్దు ఆర్డిస్, మీకెందుకు శ్రమ."

"అనేయ్, ఇంకో రెండుసార్లు అనేయ్. తర్వాత కోటేసుకో."

దారిలో మంచు కురుస్తోంది. ఆర్డిస్ స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని, ముక్కు అద్దానికి ఆన్చినంత పని చేస్తూ నడిపింది. సగం దూరం వెళ్ళాక అడిగింది, "ఇంతకీ నువ్వేం తింటావే?"

రెండేళ్ళలో ఊళ్ళో ఎవరూ అడగని మాట అది. మార్లిస్ చెప్పింది. తినగలిగేవి కొన్నే, త్వరగానే అయిపోయాయి.

"బంగాళాదుంప కూడా వద్దా?"

"అదే ముందు వద్దన్నారు."

"కిడ్నీ మార్చాక?"

"మార్చాక తినొచ్చంట."

ఆర్డిస్ తల పంకించి, మళ్ళీ రోడ్డుకేసి చూసింది.

ఆ నెల నడిచినట్టు వెర్లిన్ జన్మలో నడవలేదు. పొద్దున స్కూల్లో, సాయంత్రం స్కూల్లో, డయాలసిస్ రోజుల్లో మూడో పూట కూడా. రాను రాను అతని మాటలు తగ్గాయి. ఉడికిన కోడిని మేకులు నమిలినట్టు నమిలేవాడు. ఒకరోజు సెలరీ అనే పచ్చికూర కాడ పట్టుకుని దాన్నే చూస్తూ పావుగంట కూర్చున్నాడు. మార్లిస్ చూసి లేచి వెళ్ళిపోయింది. ఇద్దరికీ పోట్లాడుకునే ఓపిక కూడా అయిపోయింది.

మార్చి పద్నాలుగున నగరానికి మూడు గంటల ప్రయాణం. ఆసుపత్రిలో నర్సు రెనే మెషీను చూపించింది. వెర్లిన్ బూట్లు, బెల్టు, కళ్ళజోడు తీసి ఎక్కాడు. ఈసారి మార్లిస్ అంకె చదవలేదు, గోడకేసి తిరిగింది.

"రెండు వందల ముప్పై," అంది రెనే.

"ఫరవాలేదు," అన్నాడు వెర్లిన్.

ఏప్రిల్ తొమ్మిదో తేదీకి ఆపరేషన్ ఖాయం చేశారు. మార్లిస్ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఎగిరి గంతేస్తానని ఎన్నోసార్లు అనుకుంది గానీ, ఇప్పుడెక్కడైనా కాసేపు పడుకుంటే చాలనిపించింది. తమ బండిలోకి ఎక్కాక మొగుడి మెడకేసి చూసింది. చర్మం వదులై, చొక్కా కాలరు చుట్టూ ఖాళీగా ఉంది. తన వయసుకంటే పదేళ్ళు పెద్దగా కనిపించాడు.

"ఐదు నెలలు నీ నోటి దగ్గర తిండి లాక్కున్నాను," అంది. "ఇప్పుడు ఒంట్లోది కూడా తీసుకుంటున్నాను. నా మీద నాకే అసహ్యమేస్తోంది వెర్లిన్."

అతను ఇంజను ఆన్ చేసి, అద్దం మీద ఆవిరి పోయేదాకా ఆగాడు.

"అక్టోబరు నుంచి ఆకలిగానే ఉన్నాను," అన్నాడు. "ఎందుకొప్పుకున్నానా అని ఒక్కరోజు కూడా అనుకోలేదు." గేరు వేస్తూ, "ఆ సెలరీ కాడ రోజు తప్ప," అన్నాడు.

ఇంటికి చేరేసరికి పొద్దు వాలుతోంది. గుమ్మం ముందు మెట్టు మీద, వెండి కాగితం చుట్టిన ట్రే ఒకటి ఉంది. వెర్లిన్ దాన్ని చూడగానే రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

"నేను కాదు. నేనెవరికీ ఏమీ చెప్పలేదు. ఒట్టు."

మార్లిస్ వంగి ఎత్తింది. రాయిలా గడ్డకట్టి ఉంది. అలవాటు కొద్దీ, ఎవరిదో చూద్దామని తిరగేసింది. అక్షరాలు ఆర్డిస్‌వే. పేరు మాత్రం ఆర్డిస్ కాదు. టేపు మీద మార్లిస్ అని రాసి ఉంది. పక్కన చీటీ: 'ఆపరేషన్ అయ్యాక తిను. అందాకా ఫ్రీజర్‌లో పెట్టు. బంగాళాదుంపలు రెండింతలు వేశాను. వెర్లిన్ ముట్టుకోకూడదు.'

ఆమె ఆ మంచు మెట్టు మీదే కూర్చుండిపోయింది. ట్రే ఒళ్ళో పెట్టుకుని, ఇరుగుపొరుగు వింటారన్న సిగ్గు కూడా లేకుండా, పెద్దగా ఏడ్చింది. వెర్లిన్ పక్కన నిలబడి ఆమె భుజం మీద చెయ్యి వేశాడు.

"చలిగా ఉంది. ఇలా ఇవ్వు, నేను పట్టుకుంటాను."

"వద్దు."

"బరువుంది మార్లిస్."

"వద్దన్నానా."

"లోపల పెట్టేస్తాను, అంతే."

"వద్దు."

వెర్లిన్ ఆశగా చెయ్యి చాచాడు. ఆమె ట్రేని రెండు చేతులతో పొట్టకి హత్తుకుని, నాలుగోసారి కూడా వద్దంది.