తుక్కుకు వెళ్లని బ్రెయిలీ ప్రింటర్

శనివారం లెక్కల పరీక్ష. ఈలోగా అయి తీరాల్సిన పనులు ఇవి: లినక్స్ కంప్యూటర్లో వర్చువల్ మిషన్ పెట్టాలి. అందులోకి పాత విండోస్ ఎక్కించాలి. బ్రెయిలీ ప్రింటర్ డ్రైవర్ సీడీ ఏ బీరువాలో పడి ఉందో వెతకాలి. యూఎస్‌బీ వైరుకు తగిలించిన ప్రింటర్‌ను లోపలి విండోస్ గుర్తుపట్టేలా చేయాలి. ప్రశ్నపత్రం వేళ్లతో తడిమి చదివే చుక్కల్లో అచ్చు తీయాలి. అంతవరకూ సూపరింటెండెంటు గారి కంట పడకూడదు.

ఆఖరిది మొదటిరోజే చెడింది.

అది చూపులేని పిల్లల బడి. కంప్యూటర్ ల్యాబ్ చూసుకునే అమ్మాయిని అందరూ ల్యాబక్క అంటారు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి. ఒప్పుకున్న పని వదిలేయడం ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. బడిలోని కంప్యూటర్లన్నీ విండోస్ మాని, ఉచితంగా దొరికే లినక్స్‌కు మారాక ప్రింటర్ మూగబోయింది; దానికి వచ్చిన భాష పాత విండోస్ ఒక్కటే. దాన్ని తుక్కులో వేసి, పేపరు ఎవరైనా చదివి వినిపిస్తే సరిపోతుందని సూపరింటెండెంటు తేల్చేశాడు.

క్రితంసారి అలాగే వినిపించారు. చదివినాయన హడావిడిలో ఒక ప్రశ్న మింగేశాడు. పిట్ట అని అందరూ పిలిచే పిల్ల, ఆ ప్రశ్న ఒకటుందని కూడా తెలియకుండా బయటికొచ్చింది. తెలిశాక ఏడవలేదు. "అక్కా, ఈసారి నా పేపరు నేనే చదువుకుంటా" అంది, అంతే.

ఆ మాట ల్యాబక్కకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే సూపరింటెండెంటు గుమ్మంలో నిలబడి, ఎవరో ఒకరు చదివితే చాలదా అని అడిగితే ఆమె కుర్చీలోంచి లేవలేదు.

"మీ పరీక్ష పేపరు మీకు ఎవరైనా చదివి వినిపించారా సార్?"

"నీ మొండితనం కంటే ఆ మిషనే నయమమ్మా. ఎప్పుడో ఆగిపోయింది."

"శుక్రవారం సాయంత్రం దాకా దాన్ని ముట్టుకోనివ్వను. ఆ తర్వాత మోయించుకుపోండి, నేనూ ఓ చెయ్యి వేస్తా."

వర్చువల్ మిషన్ అంటే కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్, ఇంట్లో అద్దెకిచ్చిన గది లాంటిది. బీరువా అడుగున దొరికిన సీడీతో డ్రైవర్ ఎక్కించినా, ఆ గదిలోని విండోస్‌కు మొదట ఏ యూఎస్‌బీ వస్తువూ కనిపించలేదు. వాటిని వాడే అనుమతి ఉన్నవాళ్ల గుంపులో తన పేరు చేర్చుకుంది కానీ, లాగౌటై మళ్లీ లాగిన్ కావాలన్న సంగతి మరిచి ఒక పూటంతా తల బాదుకుంది. అది దాటాక జాబితాలో ప్రింటర్ పేరు వచ్చింది. టిక్కు పెట్టింది. కన్నుమూసి తెరిచేలోగా మాయం. మళ్లీ పెట్టింది, మళ్లీ మాయం. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదన్నట్టు, లినక్స్ తను వాడలేదు, లోపలివాడికీ ఇవ్వదు.

శుక్రవారం మధ్యాహ్నం లెక్కల మాస్టారు పేపరు సరిచూడటానికి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయనకూ చూపు లేదు. ఆమె టిక్కులు పెడుతూ, విసుక్కుంటూ ఉంటే అన్నాడు:

"అమ్మాయ్, నువ్వు తెర చూస్తున్నావు, స్పీకరు వినట్లేదు. వైరుకు ఏదైనా తగిలినా, ఊడినా విండోస్ చేసే మోత ఒకసారి పైకి ఎక్కింది, ఆ వెంటనే దిగింది. మళ్లీ ఎక్కలేదు. అంటే అది లోపలికి వచ్చి వెళ్లిపోతోంది. పోయి ఎక్కడ కూర్చుందో చూడు."

లినక్స్ వైపు చూసింది. ప్రింటర్ అక్కడే ఉంది, గుర్తింపు సంఖ్య మాత్రం వేరు. కరెంటు ఇవ్వగానే ఒక సంఖ్యతో వస్తుంది. ఒళ్లు విరుచుకున్నాక ఒకసారి తెగి, ఇంకో సంఖ్యతో లేస్తుంది. ఆమె మొదటి సంఖ్యకే తలుపు తీసింది. రెండోది పరాయివాడిలా బయటే నిలబడిపోయింది.

"అయితే పేరు అడగను మాస్టారూ. ఈ రంధ్రంలో ఏది గుచ్చినా సరే, నేరుగా లోపలికే."

సెట్టింగుల్లో వస్తువు సంఖ్య తీసేసి ఆ రంధ్రం, అంటే పోర్టు సంఖ్య రాసింది. వైరు పెట్టింది. మోత ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. ఈసారి దిగలేదు.

ప్రింటర్ టకటకమంటూ వరండా అంతా మోత పెట్టింది. తుక్కు ట్రాలీతో వచ్చిన సూపరింటెండెంటు చేతిలో ఆమె మొదటి కాగితం పెట్టింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చదవడం మనకు రాదు సార్. వాళ్లకు వచ్చు."

ట్రాలీ ఖాళీగా వెనక్కి వెళ్లింది.

మర్నాడు పరీక్షలో పిట్ట వేలు ఆఖరి ప్రశ్న దాకా పాకి ఆగింది. వెనక్కి వెళ్లి మళ్లీ మొదటి నుంచి చదువుకుంది. ఒక్కటీ తప్పిపోలేదని నమ్మకం కుదిరాకే రాయడం మొదలుపెట్టింది.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో, ఇక దీన్ని ఎవరు వాడతారులే అని ఏదైనా పాత మిషన్‌ను బయట పడేయబోతే, దయచేసి ఒక్క క్షణం ఆగి ఆ పిట్టను తలుచుకోండి.