నదులెక్కువైన రాజ్యం

గవ్వను వేలితో ముట్టకుండా, పడ్డది పడ్డట్టు చెప్పి ఆట నడిపే మనిషి కొత్తవాడలోనే కాదు, కాజీపేట మీదుగా రైలు పోయే ఊళ్ళన్నిట్లో వెతికినా ఒక్కడే దొరుకుతాడు. అతను వెంకటరాజం. ఈ సంగతి లోకానికి చెప్పింది కూడా వెంకటరాజమే. చెప్పి నోరు మూసుకునేలోపు కుడి మోకాలితో ఒక గవ్వను బోర్లా పడేశాడు.

"మోకాలు తియ్యి రాజం," అన్నది అక్క అనసూర్య.

"తిమ్మిరెక్కింది అక్కా."

"తిమ్మిరెక్కిన మోకాలు సక్కగ గవ్వ దిక్కే ఎట్ల పోతాంది?"

"దానికి గవ్వలంటే పాణం అక్కా," అన్నాడు మొగిలి. మొగిలి రాజానికి చిన్నప్పటి దోస్తు. హసన్‌పర్తిలో పొలం పనులకు పోతాడు. అమాస వస్తే మాత్రం పొలం మునిగినా సరే సైకిల్ తొక్కుకుంటూ రాజం ఇంటికి వస్తాడు.

అనసూర్య మొగుడు సమ్మయ్య బోర్లా పడ్డ గవ్వను తీసి మళ్ళీ వెల్లకిలా పెట్టాడు.

అమాసనాడు నేతగాళ్ళు మగ్గం ముట్టరు. నాడె పట్టరు, పోగు అతకరు. ఏళ్ళ కిందట అలాంటి ఒక అమాసనాడు, చేతులు దురదపెట్టి రాజం కనిపెట్టిన ఆట ఇది. ఎవరో ఆర్డరిచ్చిన జంపఖానాలు నేసిన తర్వాత వెనక మగ్గం మీద కొంత పడుగు మిగిలితే, మర్నాటి నుంచి దాని మీద ఒక రాజ్యాన్ని నేయడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చ రంగు పేక వేస్తే అడవి, పసుపు వేస్తే ఎడారి, ఎరుపు వేస్తే రాక్షసుల ఊరు. ఒక అమాసకూ ఇంకో అమాసకూ మధ్య, పని ముగిశాక కాస్త కాస్త నేసి, అమాస రాగానే నేసినంత మేర నేల మీద పరిచేవాడు. మనుషులకు బదులు నూలు చుట్టే ఖాళీ కండెలు నడిచేవి. ముందర ఏ ఆపద వచ్చిందో రాజం చెప్తాడు. ఏం చేస్తారో మిగతావాళ్ళు చెప్తారు. అది అయిందో కాలేదో గవ్వలు చెప్తాయి, వెల్లకిలా పడితే అయినట్టు, బోర్లా పడితే కానట్టు.

సమ్మయ్య సేనాధిపతి. ఆయనకు సైన్యం లేదు, ఎడారిలో మంచినీళ్ళ కాడ అలిగి ఇంటికి వెళ్ళిపోయింది. అనసూర్య చీమల భాష తెలిసిన మంత్రగత్తె. మొగిలి తల మబ్బులకు తగిలేంత ఎత్తు రాక్షసుడు, అందుకే ఏడాది పొడుగునా జలుబు. ముగ్గురూ కలిసి నల్లకోటకు పోతున్నారు. పడుగు ఎక్కడ అయిపోతే అక్కడ నల్లకోట. అది మొదటినాడే పెట్టుకున్న కట్టుబాటు. కోట లోపల ఏముందో రాజానికి తప్ప ఎవరికీ తెలియదు.

"మొదటి అమాసనాడే అనుకోని పెట్టిన. విన్నరంటే వారం దాక అన్నం ముట్టరు," అనేవాడు రాజం.

ఆ రాజ్యంలో ఒకటే వింత. ఇన్నేళ్ళలో వాన చుక్క పడలేదు గానీ, నాలుగడుగులు వేస్తే చాలు, అడ్డంగా ఒక నీలం నది.

"ములుగు అడవిల గూడ ఇన్ని వాగుల్లేవు బామ్మర్దీ," అనేవాడు సమ్మయ్య.

"కోట కాడికి పోవాలంటే గట్లనే ఉంటది బావా," అనేవాడు రాజం.

ఈలోపు కొత్తవాడలో పనులు సన్నబడ్డాయి. భీవండిలో ఉన్న సమ్మయ్య అన్న, తమ్ముడి కోసం పవర్‌లూమ్ మీద పని చూసి పెట్టి, రమ్మని కబురు మీద కబురు చేశాడు. "నల్లకోట చూసినంకనే బండెక్కుత," అని సమ్మయ్య ఒకసారి నవ్వుతూ అన్నాడు. సమ్మయ్య ఆ మాట అక్కడే మరిచిపోయాడు. రాజం దాన్ని సర్కారు జీవోలాగా పట్టుకున్నాడు. కోట రానంతకాలం బావ పోడు, బావ పోకపోతే అక్క పోదు. అమ్మానాన్నలు పోయాక రాజానికి అన్నం పెట్టింది అక్కే.

ఇవాళ ఆఖరి అమాస. గుమ్మం పక్కన అక్కాబావల ట్రంకుపెట్టె తాడుతో కట్టి ఉంది. తెల్లారితే రైలు. పెట్టె మొయ్యడానికి మొగిలి ఈ రాత్రికి ఇక్కడే ఉంటానన్నాడు. ఇదంతా కళ్ళెదురుగా ఉన్నా రాజం లెక్క రాజానిదే. ఇవాళ కోట చేరకపోతే, బావ వచ్చే అమాస దాకా ఆగుతాడు.

అందుకని పొద్దున్నుంచీ దారికి అడ్డం పెట్టనిది లేదు. ముందు ఒక పామును వదిలాడు. అది ఎంత పొడుగంటే, తోక మీద ఎవరైనా కాలేస్తే ఆ నొప్పి తలకు చేరడానికి ఒక ఎండాకాలం పడుతుంది. గవ్వలన్నీ వెల్లకిలా పడ్డాయి. నొప్పి తెలిసేలోపు పాము చచ్చింది. తర్వాత రాజ్యమంతా జ్వరాలు పెట్టాడు. అనసూర్య చీమలు మందుబిళ్ళలు మోసుకొచ్చాయి. దారికి అడ్డంగా ఏడంతస్తుల సుంకం నాకా కట్టి, తాళం వేసి, తాళంచెవిని మొసలి చేత మింగించాడు. మొగిలి తుమ్మాడు. నాకా ఎగిరిపోయింది.

"గవ్వలు గిట్ల ఎన్నడు పడలే," అన్నాడు మొగిలి సంబరంగా.

రాజం నుదురు తుడుచుకున్నాడు. చేసేదేమీ లేక జంపఖానా ఆఖరి మడత విప్పాడు. అక్కడ కొత్తగా ఇంకో నది. నది అవతల ఒక మూరెడు పసుపు ఎడారి. ఆ తర్వాత నేయని తెల్లటి పడుగు, మగ్గం అవతలి గోడ దాకా.

"నది," అన్నాడు రాజం. "మస్తు వరదున్నది. దాటుడు గాదు. వచ్చే అమాసకు తగ్గుతది."

సమ్మయ్య పడుగు వైపు చూశాడు.

"పోయిన అమాసకు జానెడే మిగిలి ఉండె రాజం. నా కండ్లతోని చూసిన. ఇయ్యాల గోడదాక ఉన్నది."

"రాజ్యం పెరిగింది బావా."

సమ్మయ్య నది మీద అరచెయ్యి పెట్టి ఆ చివర నుంచి ఈ చివర దాకా నిమిరాడు. కింద చిన్న చిన్న బుడిపెలు, వరసగా. వెనక్కి జరిగి, ముందటి నది మీద పెట్టాడు. దాని ముందటి దాని మీద పెట్టాడు.

"గిది నది గాదు, అతుకు. గదీ అతుకే. పడుగు అయిపోయినప్పుడల్లా కొత్త పడుగు అతికి, పైనుంచి నీలం పేక కొట్టినవ్."

రాజం తల గోక్కున్నాడు. పట్టుబడ్డవాడి మొహం ఎలా పెట్టాలో అతనికి అలవాటే, కానీ ఇవాళ అది సరిగా కుదరలేదు.

"నాకెప్పుడో ఎర్కే," అన్నాడు సమ్మయ్య. "నేను గూడ నేతగాన్నే గద. మంచిగనే నడుస్తాంది, నడువనీ అనుకున్న."

రాజానికి ప్రాణం లేచొచ్చింది. "అయితే బావా, వచ్చే అమాస దాక..."

అప్పుడు అనసూర్య జంపఖానా అంచును చేతిలోకి తీసుకుంది. నది ఇవతల అంచు తెల్లగా ఉంది. అవతల, అంచు వెంట రెండు పచ్చ పోగులు.

పడుగు పోసేటప్పుడు గుర్తుకు అంచున రెండు పచ్చ పోగులు వెయ్యడం అనసూర్య అలవాటు. కొత్తవాడలో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. దొంగతనం చేసిన తొందరలో ఆ రెండు పోగులు తీసి పారేయాలన్న సంగతి రాజానికే తట్టలేదు.

"గిది మా మగ్గం మీది పడుగు," అన్నది అనసూర్య.

సమ్మయ్య ఇంటి తాళంచెవి రాజం మొలతాడుకే ఉంది. చుట్టాలకు చెప్పి రావడానికి ఊళ్ళకు పోతూ, ఇల్లు జర చూసుకోమని పోయినవారం వాళ్ళే తాళం వేసి ఇచ్చారు.

"ఊకెనే ఉన్నది గదా అక్కా. మీరు పోతే దాన్ని ఎవరు నేస్తరు?"

"ఊకెనే లేదు తమ్మీ. ఉంచిన." అనసూర్య గొంతు పెంచలేదు. "ఖాళీ మగ్గం ఇడిసి పోయినోళ్ళు మల్ల ఆ ఇంటికి రారని అమ్మ అంటుండె. సగం నేసి ఉంచితే, మిగిలింది నేసెతందుకన్న మల్ల రావాలె గద. గందుకే మీ బావ పూర్తి చేస్తనన్నా వద్దన్న."

ఈ మాట రాజానికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం ఉంటుందని ఎవరూ అనుకోలేదు.

రాజం లేచి మగ్గం వైపు ఉరికాడు. "ఇప్పుడే విప్పుత. మల్ల మీ మగ్గానికే అతుకుత. ఎంతసేపు, పొద్దుగూకెటాల్లకు..."

"రాజం," అన్నాడు సమ్మయ్య. "ఇయ్యాల అమాస."

పడుగుకు జానెడు దూరంలో రాజం చేతులు ఆగిపోయాయి. ఇవాళ ముట్టుకోవడానికి లేదు. రేపు వాళ్ళు ఉండరు. పక్కింటి రేడియోలో ఎవరో ధాన్యం ధరలు చెప్తున్నారు. మొగిలి తన రాక్షసుణ్ణి చేతిలోకి తీసుకుని, దానికి ఏదో మరక ఉన్నట్టు తుడుస్తూ కూర్చున్నాడు.

రాజం వచ్చి తన జాగాలో కూలబడ్డాడు. అక్క తిడుతుందని చూశాడు. తిట్టలేదు. కొడుతుందని చూశాడు. కొట్టలేదు. అనసూర్య మొగిలి చేతిలోంచి కండెను తీసుకుని, సమ్మయ్యదీ తనదీ కలిపి, మూడు కండెలనూ నది దాటించి, ఎడారి దాటించి, తెల్లటి పడుగు మొదట్లో పెట్టింది.

"దాటినం," అన్నది. "గవ్వలొద్దు. నల్లకోట కాడ ఉన్నం. తలుపు తీసినం. లోపల ఏమున్నదో చెప్పు."

రాజం గొంతు సవరించుకున్నాడు. ఎండాకాలమంత పామును పుట్టించిన నోట్లోకి చీమంత అబద్ధం కూడా రాలేదు.

"లోపల... ఒక మగ్గం ఉన్నది అక్కా."

"ఎట్లున్నది?"

"ఖాళీగ ఉన్నది. పడుగు కోసింది నేనే," అన్నాడు రాజం. "కోట గూడ లేదు అక్కా. మొదటి సంది లేదు. నేనేం అనుకోలే. మీరు ఆగుతరని నడిపిచ్చుకుంట పోయిన."

సమ్మయ్య గవ్వలన్నీ ఏరి, రాజం అరచేతిలో పోసి, వేళ్ళు మూశాడు.

రాజం ఆ పిడికిలినే చూస్తూ అన్నాడు.

"మోకాలికి తిమ్మిరి గూడ లేకుండె బావా."