బొట్టు కింది అంకెలు

మా అల్లుడు రాజేందర్ గల్ఫ్‌కు పోయిననాడు అందరు ఆయనకు బొట్టు పెట్టిన్రు. మొగడు పోయినదాన్ని, నేను పెట్టొద్దన్నరు. ఆయన పాస్‌పోర్టు జిరాక్సు ఒకటి ఇంట్ల ఉంటే, దేవుని గూట్ల పెట్టుకున్న. కాయితానికి పెడితే ఎవలేమంటరు? మూడేండ్లు, ప్రతి శుక్రారం దానికి కుంకుమ బొట్టు పెట్టిన.

అక్కడ కంపెనీ మూతపడ్డది. పాస్‌పోర్టు కంపెనీ సేటు దగ్గర్నే చిక్కింది. అక్కడి సర్కారు పెట్టిన క్షమాభిక్ష కింద ఇంటికి రావాల్నంటే పాస్‌పోర్టు నకలు సాఫుగ కనబడాలెనట. రేపటి దాకనే గడువు, దాటితే జైలే. బిడ్డ శ్రావణికి కాలు చేయి ఆడలేదు. నేనే జిరాక్సు పట్టుకొని కొడిమ్యాల నుంచి జగిత్యాల బస్సెక్కిన.

బస్టాండు ఎదురుంగ సృజన అనే పిల్ల జిరాక్సు దుకాణముంది. ఆమె స్కాన్ చేసి తెర మీద చూపించింది. మొఖముంది, పేరుంది, నంబరు కాడ నల్లటి మచ్చలున్నయి. అద్దం తుడిచి మళ్ల తీసింది. మడతలు పోయేటట్టు మూత ఒత్తిపట్టి తీసింది. ఇంకా సాఫుగ వచ్చేటట్టు పెట్టి తీస్తే, మచ్చలే సాఫుగ వచ్చినయి.

“అవ్వా, దేవునికి గిట్ల ఏమన్న మిగిలిచ్చినవా, బొట్లన్నీ దీనికే పెట్టినవా?” అన్నది.

నాకు నవ్వు రాలె. అల్లుని తొవ్వకు అడ్డం పడ్డది నా చెయ్యే. తడిబట్టతోని తుడుస్తనంటే, కాయితం లేచొస్తదని వద్దన్నది.

కాయితం నలగొద్దని, లోపలిది కనబడే ఎర్రటి ప్లాస్టిక్ కవరు కొని అందుల పెట్టుకున్న. బల్ల మీద కూసున్న. యాభై దాటినంక తెలుగు, ఇంగ్లీషు అక్షరాలు నేర్సిన దాన్ని, చేతుల ఏ కాయితమున్నా వేలు పెట్టి చదవకుంట ఉండలేను. కవరు మీదికెల్లి అట్లనే చదువుకుంట పోయిన. పేరు చదివిన. నంబరు కాడికొచ్చిన, ముందటి అక్షరం దాటిన. నాలుగు, ఏడు, సున్న.

వేలు ఆగింది. బొట్టు లేదు. ఎర్ర కవరు కింద ఎర్ర బొట్టు కలిసిపోయింది, నల్ల అంకెలు మాత్రం ఉన్నయి. ఏడు అంకెలూ చదివిన.

“సృజనా, నేను చదివిన. నీ మిషను ఎందుకు చదువతలేదు?” అన్న.

ఆమె కవరు తీసి చూసింది, పెట్టి చూసింది. ఇంతసేపు తను బ్లాక్ అండ్ వైట్‌ల తీసిందట. అందుల ఎరుపు కూడ నలుపే అయితదట. ఈసారి కలర్ల తీసి, కంప్యూటర్ల ఎరుపును తెల్లగ చేసుకుంట పోయింది. బొట్లు గులాబి రంగయినయి, పలచబడ్డయి, పోయినయి. తెల్ల కాయితం మీద ఏడు అంకెలు నిలబడ్డయి.

ఆడికెల్లే దాన్ని అల్లుని ఫోన్‌కు పంపింది. అక్కడి ఆఫీసుల పాస్‌పోర్టు నంబరు సరిపోయిందని పొద్దుగూకకముందే రాజేందర్ ఫోన్ చేసిండు.

పన్నెండో నాడు ఆయన మా వాకిట్ల దిగిండు. వాడకట్టంత వచ్చిన్రు. నేను అలవాటుగ ఎనకకు జరిగిన. రాజేందర్ కుంకుమ బరిణె తెచ్చి నా చేతుల పెట్టి, తల వంచిండు.

“అత్తమ్మా, ఇగ కాయితాలకు వద్దు. నాకే పెట్టు.”

అందరి ముంగట పెట్టిన, పెద్దగ.